నా పేరు మీద కొన్న మందు

జూలై 4

అమ్మకు,

నేను నాన్న మీద అలిగి సైన్యంలో చేరుతున్నానని మన పిండిమిల్లుకొచ్చే వాళ్ళందరికీ చెబుతున్నావట. నిన్న బట్టలు కుట్టే పిన్ని ఫోన్ చేసి, "నాన్నన్నాక కోపంలో ఏదో ఒక మాటంటాడమ్మా, దానికి తుపాకీ పట్టుకోవాలా?" అని ఓదార్చింది. ఏ మాటన్నాడో నాకు తెలియదు. అడిగితే ఆవిడకీ తెలియదు. అలిగిన మనుషులు అన్నం మానేస్తారు, తలుపేసుకుని పడుకుంటారు. రాత పరీక్ష రాసి, ఇంటర్వ్యూకి వెళ్ళి, వీపు మీద బరువేసుకుని పరిగెత్తి ప్యాసయ్యేంత ఓపికగా ఎవరూ అలగరు.

నాన్నేమో యూనిఫాం మోజంటున్నాడు. నాయనమ్మ అయితే హాస్టల్లో తిండి బాగాలేక ఇలా అయిపోయానంటోంది. ఇంట్లో ఇంతమంది ఇన్ని కారణాలు కనిపెట్టారు గానీ, నన్నడిగిన వాళ్ళు లేరు.

అడగకపోయినా చెబుతాను. నేను ఆఖరి సంవత్సరంలో ఉన్నప్పుడు వరదకి కాలేజీ దారిలో వంతెన కొట్టుకుపోయింది, గుర్తుందా? సైన్యం వాళ్ళొచ్చి ఇనుప వంతెన వేశారు. మోకాళ్ళ దాకా బురదలో దిగి ఒక ఆడ ఆఫీసరు ఆ పని చేయించింది. కేకలేయలేదు. ఒక్కొక్క ముక్కా చేత్తో తడిమి చూసి, "ఊఁ" అనేది, తర్వాతి ముక్క వచ్చేది. సాయంత్రానికి దాని మీంచి అంబులెన్సు వెళ్ళింది. నేను పొద్దుటినుంచీ అక్కడే నిలబడ్డాను. వంతెనలు కట్టడం నాలుగేళ్ళు చదివి ఇప్పుడు నేను చేస్తున్నదేమిటంటే, నీళ్ళ ఆఫీసులో కూర్చుని ఎవరో వేసిన పైపుల బిల్లుల మీద ముద్ర కొట్టడం. ఇదీ కారణం. ఇందులో నాన్న ఎక్కడా లేడు.

ఇక పని సంగతి. ఆఫీసరు శిక్షణకి అన్నిట్లో నెగ్గాను గానీ మెడికల్లో ఆగిపోయాను. చిన్నప్పుడు నాకు ఆస్తమా ఉండేదని నేనే చెప్పాను, దాచకూడదు కాబట్టి. చిన్నతనం దాటాక ఆస్తమా మందు వాడి ఉంటే చేర్చుకోరు. వాడలేదని రుజువు చేసుకుంటే పెద్ద మెడికల్ బోర్డు మినహాయింపు ఇస్తుంది. నేను ఏడో తరగతిలో ఇన్‌హేలర్ వదిలేశాను, మళ్ళీ ముట్టుకోలేదు. వీధి చివరి డాక్టరుగారు ఆ ఒక్క ముక్కా రాసి సంతకం పెడితే చాలు. ఒక్క ముక్క. దానికి నువ్వు ఏమీ చేర్చకు.

ఫోన్ చేయలేదేమని అడుగుతావు. చేస్తే నువ్వు స్పీకర్లో పెడతావు. నేను ఒకటంటే నాన్న దగ్గుతాడు, నాయనమ్మ "ఏమంటోందే?" అంటుంది, వెనకాల మిల్లు గడగడలాడుతుంది, ఆఖరికి "సరేలే, తిన్నావా?" అని పెట్టేస్తావు. కాగితమైతే మధ్యలో ఎవరూ దూరరు.

తిన్నాను.

ఉడుత

జూలై 9

ఉడుతమ్మకు,

తిన్నానని రాశావు, ఏం తిన్నావో రాయలేదు.

నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. బట్టలు కుట్టే పిన్ని అడిగింది, "ఎందుకు వెళ్తోంది?" అని. ఏదో ఒకటి చెప్పాలి కదా. వంతెన చూసి వెళ్తోందంటే నవ్వదూ? అలిగిందంటే ఎవరైనా అర్థం చేసుకుంటారు.

నీ పని అయిపోయింది. డాక్టరుగారి దగ్గరికి స్కూలు నుంచి నేరుగా వెళ్ళాను. మా ఒకటో తరగతి పిల్లలు ఆ రోజు గోడకి రంగులు పూశారు, నా చేతులకీ అంటుకుంది, ఆ చేతులతోనే వెళ్ళాను. ఆయన ఒక్క ముక్క రాసి ఇచ్చారు. మరీ ఒక్క ముక్కేమిటి, ఇచ్చే వాళ్ళకి మన మీద కాస్త దయ కలగాలి కదా అని నేనూ విడిగా ఒక ఉత్తరం రాసి జతచేసి బోర్డుకి నేరుగా పంపించాను. నీ చిరునామాకి పంపితే ఆలస్యమవుతుందని. నువ్వు చిన్నప్పుడు ఎంత బాధపడ్డావో, ఎంత ధైర్యంగా ఓర్చుకున్నావో అంతా రాశాను. రాస్తూ రాస్తూ నాకే ఏడుపొచ్చింది. చదివితే రాయైనా కరుగుతుంది.

వంటింట్లో కుళాయి మళ్ళీ కారుతోంది. బాగుచేయడానికొచ్చినవాడు దాన్ని చూసి, "ఇది కుళాయి కాదమ్మా, జలపాతం" అని జోకేసి, వాషరు లేదని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. మీ నాయనమ్మ మాత్రం పొద్దున్నే మిల్లుకి తయారు. సంచిలో నీ ఇన్‌హేలర్ వేసుకుని వెళ్తారు, నువ్వు పక్కనే ఉన్నట్టుంటుందట. పోయిన నెల అయిపోతే కొత్తది తెచ్చిచ్చాను. కాటా దగ్గర ఆవిడ కూర్చుంటే తూకంలో తేడా రాదని అందరూ అంటారు. మంగళవారం మిల్లు బెల్టు తెగింది, మీ నాన్న చేతికి తగిలేదే, కొద్దిలో తప్పింది. ఈ మధ్య ఆయనకి చూపు ఆనడం లేదు, కళ్ళజోడు పెట్టుకోమంటే వినరు. అచ్చం వాళ్ళమ్మ పోలికే.

మా స్కూల్లో పెద్ద తరగతులకి లెక్కలు చెప్పే ఆవిడ మానేస్తోంది. హెడ్మాస్టరుగారు నిన్ను అడిగారు. ఊరికే రాస్తున్నాను.

ఏం తింటున్నావో ఈసారైనా రాయి.

అమ్మ

జూలై 16

అమ్మకు,

ఏమీ చేర్చకు అన్నాను. రాసి ఇచ్చాను. కింద గీత గీయలేదు, అదే నా తప్పు.

నిన్న బోర్డు ముందు కూర్చున్నాను. పొడవాటి గది, కిటికీలకి సగం దాకా తెల్ల రంగు, బల్లకి అటువైపు ముగ్గురు. మధ్యలో మేజరు డాక్టరమ్మ. కళ్ళజోడు మెళ్ళో తాడుకి వేలాడుతూంటుంది, చదవాల్సినప్పుడే పెట్టుకుంటుంది. పెట్టుకుంది. నీ ఉత్తరం పైకి చదివింది.

"'మా అమ్మాయికి పిండి దుమ్ము తగిలితే చాలు, చేపపిల్లలా విలవిల్లాడిపోయేది. నాలుగు మెట్లెక్కితే రొప్పేది. అయినా నా బంగారుతల్లి ఒక్కనాడూ కంటతడి పెట్టలేదు.'" కళ్ళజోడు తీసింది. "సైన్యంలో దుమ్మూ మెట్లూ ఉండవని మీ అమ్మగారి అభిప్రాయమా?"

పక్కనున్నాయన నవ్వాపుకోవడానికి నీళ్ళు తాగాడు.

నేను పరిగెత్తి ప్యాసైన కాగితాలు చూపించాను. ఊపిరి పరీక్షలో గొట్టంలోకి ఊదాను, ఊదింది బాగానే ఉందన్నారు. అప్పుడు ఆవిడ ఇంకో కాగితం తిప్పి, చాలా మామూలుగా అడిగింది: "ఏడో తరగతిలో మానేశానన్నారు. మీ ఊరి మందుల షాపు లెక్కలు తెప్పించాం, మీ పేరు మీద క్రమం తప్పకుండా ఇన్‌హేలర్ కొంటున్నారు. ఆఖరుది పోయిన నెల. ఇది ఎవరు పీలుస్తున్నారు?"

నాకు తెలియదన్నానమ్మా. "మందు వాడి ఊదితే ఎవరైనా బాగానే ఊదుతారు" అంది. అబద్ధం చెప్పానని ఆవిడ అనుకుంటోంది. ఆవిడ స్థానంలో నేనున్నా అదే అనుకుంటాను.

ఆగస్టు మొదటి వారం లోపల రాతపూర్వకంగా సమాధానం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఫైలు మూసేస్తారు. అబద్ధం చెప్పిందని ఒకసారి రాస్తే మళ్ళీ ఏ విడతలోనూ రానివ్వరు.

సూటిగా అడుగుతున్నాను. నేను వెళ్ళకుండా చేయడానికి నువ్వే ఇలా కొని పెట్టావా? విడిగా ఉత్తరం రాసిందీ అందుకేనా? స్కూల్లో లెక్కల ఆవిడ మానేస్తోందని "ఊరికే" రాసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

ఉడుత

జూలై 20

ఉడుతకు,

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదివాను. చదివాక రెండు క్లాసులకి వెళ్ళలేదు. పిల్లలు వచ్చి, "టీచర్, మీకు కడుపు నొప్పా?" అని అడిగారు.

కన్నతల్లిని అడిగే ప్రశ్నేనా అది? నిన్ను ఆపాలనుకుంటే నీ పరీక్ష ఫీజు నేనెందుకు కడతాను? నీ బూట్లకి మిల్లు వెనకాల కూర్చుని మీ నాన్న నూనె రాసి మెత్తబరిచారు. యూనిఫాం మోజని తిడుతూనే రాశారు.

పైగా దాచానంటావు. ఎక్కడ దాచాను? పోయిన ఉత్తరంలోనే రాశాను కదా, మీ నాయనమ్మ నీ ఇన్‌హేలర్ సంచిలో వేసుకుని వెళ్తారని, అయిపోతే కొత్తది తెచ్చానని! నువ్వు నా ఉత్తరాలు సగమే చదువుతావు. నీకు కావలసింది ఉందా లేదా అని చూసి, మిగతాది అమ్మ సోది అని వదిలేస్తావు.

సరే, మొదటినుంచీ చెబుతాను. నువ్వు హైస్కూల్లో ఉండగా ఒకరోజు మిల్లులో మీ నాయనమ్మకి ఊపిరాడలేదు. పెదాలు నల్లబడ్డాయి. నీ పాత ఇన్‌హేలర్ డ్రాయరులో ఉంటే నేనే నోట్లో పెట్టి నొక్కాను. తేరుకున్నారు. డాక్టరుగారు చూసి, ఇన్నేళ్ళ పిండి ఊపిరితిత్తుల్లో చేరింది, రోజూ వాడాలి అన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. "నాకు రోగమా? పిల్ల మందు పారేయడం ఎందుకని వాడానంతే" అన్నారు. అది అయిపోయింది. కొత్తది ఆవిడ పేరు మీద తెస్తే, పెట్టె మీద తన పేరు చూసి కిటికీలోంచి వీధిలోకి విసిరేశారు. మర్నాడు నీ పేరుతో తెచ్చాను. తీసుకున్నారు. డాక్టరుగారు కూడా, "ఏ పేరైతేనేం, మందు లోపలికి వెళ్తే చాలు" అన్నారు. అప్పట్నుంచీ అలాగే నడుస్తోంది. ఎవరైనా చూస్తే పెట్టె తిప్పి నీ పేరు చూపిస్తారు.

మీ నాన్నకి తెలియదు. నీకోసం ముందుజాగ్రత్తగా ఇంట్లో ఉంచుతున్నామనుకుంటారు. తెలిస్తే ఆవిణ్ణి ఆ రోజే మిల్లు మాన్పిస్తారు. ఆ కాటా దగ్గర కుర్చీ లేకపోతే ఆవిడ ఎలా ఉంటారో నువ్వే ఆలోచించు.

నాకు తోచింది చెబుతాను, కోప్పడకు. నువ్వే వాడావని, ఇప్పుడు పూర్తిగా తగ్గిందని, ఇకమీదట అవసరం లేదని రాసేయి. చిన్న అబద్ధం. ఎవరికీ నష్టం లేదు.

అమ్మ

జూలై 25

అమ్మకు,

వెతికి చూశాను. నిజమే, ఉంది. కుళాయి బాగుచేసేవాడి జోకుకీ మిల్లు బెల్టు తెగడానికీ మధ్యలో ఇరుక్కుని ఉంది. నా బతుకంతా ఆ రెండు వాక్యాల్లో ఉంటే నువ్వు వాటిని జలపాతం పక్కన పెట్టావు. అయినా సరే, నువ్వు దాచలేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోవడం లేదు.

నాన్న బూట్లకి నూనె రాశాడని నాకు తెలియదు. అవి మెత్తగా ఎలా అయ్యాయా అనుకున్నాను.

ఇప్పుడు నీ చిన్న అబద్ధం సంగతి. నేను వాడానని రాస్తే, ఏడో తరగతిలో మానేశానని ముందు చెప్పింది అబద్ధమవుతుంది. అది నా సంతకంతో వాళ్ళ దగ్గరుంది. ఇక వాడనని రాస్తే, పోయిన నెల దాకా ఆస్తమా ఉన్న మనిషిని వాళ్ళు ఎందుకు తీసుకుంటారు? ఎటు తిరిగినా గేటు బయటే నేను. ఎవరికీ నష్టం లేదంటావు. నీ లెక్కలో నేను ఎవరినీ కానా?

చేయవలసింది సులువు. నాయనమ్మ డాక్టరుగారి దగ్గర గొట్టంలోకి ఒకసారి ఊదాలి. ఆయన ఆవిడ పేరు మీద, ఈ మందు ఈవిడదే అని రాయాలి. అంతే. ఆవిణ్ణి మిల్లు మాన్పించనక్కర్లేదు. ముక్కుకి గుడ్డ కట్టుకుంటారు, కాటాని పిండి పడే తొట్టి దగ్గర్నుంచి గుమ్మం వైపు జరుపుతారు. గాలి ఎటు పోతుందో, దుమ్ము ఎక్కడ ఆగుతుందో నేనే గీసి పంపిస్తున్నాను, నాన్నకి చూపించు. ఊపిరాడని మనిషిని అందరి కళ్ళూ కప్పి దుమ్ములో కూర్చోబెట్టడం కంటే ఇది మంచిది కాదూ? ఆవిడ పెదాలు నల్లబడ్డాయని రాశావు. మళ్ళీ ఒకరోజు సంచి ఇంట్లో మర్చిపోతే?

నాయనమ్మని అడుగు. నేను అడగమన్నానని చెప్పు. నా మాట వింటుంది. చిన్నప్పుడు నన్ను కాటాలో కూర్చోబెట్టి తూచేది, "ఈ పిల్ల ఇంకా ఎత్తుకునే బరువే" అనేది.

అడిగి వెంటనే రాయి. స్కూలు సంగతులు తర్వాత.

ఉడుత

జూలై 30

ఉడుతమ్మకు,

అడిగాను. మిల్లు ఆగాక, మీ నాన్న కరెంటు బిల్లు కట్టడానికి వెళ్ళినప్పుడు. నువ్వు గీసిన బొమ్మ కూడా చూపించాను.

ఆవిడ బొమ్మ చూశారు. "గుమ్మం దగ్గర కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళు నన్ను తొక్కుతారు. అక్కణ్ణుంచి తొట్టి కనబడదు" అన్నారు. తర్వాత కాగితం మడిచి నా చేతిలో పెట్టి, "రోగం నా పేరున రాయించడానికి మీకు నోరెలా వచ్చిందే?" అన్నారు.

నేను చెప్పాను. అది కాదత్తయ్యా, పిల్ల భవిష్యత్తు ఆగిపోయింది, మీరొక్కసారి ఊదితే చాలు అని.

"ఇన్నేళ్ళూ దాని పేరున రాశారు. దానికేమైనా అయిందా? గుర్రంలా పరిగెత్తుతోందని నువ్వే అన్నావు. నా పేరున రాసి చూడు, మర్నాటికి నాకు మంచం వేస్తాడు నీ మొగుడు. మా అత్తగారికి వేశాడు వాడి నాన్న. వేశాక ఆవిడ లేవలేదు."

"ఉడుత అడగమంది" అన్నాను. ఆవిడ కాటా గుడ్డతో తుడిచారు, తుడిచిందే తుడిచారు. "అది చిన్నది. దానికి ఈ ఏడు కాకపోతే పై ఏడు. నాకు ఈ కుర్చీ పోతే ఇంకో కుర్చీ లేదు" అన్నారు. ఆ తర్వాత ఇంటికి నడిచి వస్తూ దారిలో మూడు చోట్ల ఆగారు. ఆగిన ప్రతిచోటా అక్కడ ఏదో చూడవలసింది ఉన్నట్టు చూశారు.

డాక్టరుగారి దగ్గరికీ వెళ్ళాను. ఒకరికి రాసిన మందు ఇంకొకరికి ఇచ్చానని ఆయన రాసివ్వాలంటే భయపడుతున్నారు. "నేను మంచికే చేశానమ్మా" అంటారు. నువ్వు ఏడో తరగతి నుంచి తన దగ్గరికి ఆయాసమని రాలేదని మాత్రం రాసి ఇచ్చారు. అది దీంతో పంపుతున్నాను. ఈసారి నేనేమీ చేర్చలేదు.

నాకు ఏం చేయాలో తోచడం లేదు. ఒకవైపు నువ్వు, ఒకవైపు ఆవిడ. ఆవిడ పేరు మాత్రం రాయకు తల్లీ. బోర్డు వాళ్ళు మనూరికి మనిషిని పంపించి విచారిస్తే మిల్లు ముందు అందరూ గుమిగూడతారు. పై ఏడు చూద్దాం. ఈలోపు ఆవిణ్ణి మెల్లగా నేను ఒప్పిస్తాను.

ఇంకొక్క మాట. నువ్వు అడిగావు కాబట్టి రాస్తున్నాను. నిన్ను ఆపాలని నేనేమీ చేయలేదు. కానీ ఇది ఆగిపోతే నాకు మరీ అంత ఏడుపు రాదు. అది కూడా నిజమే. తల్లిని, ఏం చేయను?

లెక్కల ఉద్యోగం సంగతి సోమవారం లోపు చెప్పమన్నారు హెడ్మాస్టరుగారు.

అమ్మ

ఆగస్టు 4

అమ్మకు,

డాక్టరుగారి కాగితం అందింది. అదొక్కటే ఇస్తే సరిపోదు, అందులో షాపు సంగతి లేదు.

ఈ పూట బోర్డుకి సమాధానం ఇచ్చేశాను. నా పేరు మీద కొన్న మందు మా నాయనమ్మ వాడుతోందని రాశాను. ఆవిడ పేరు, వయసు, మిల్లు చిరునామా రాశాను. ఎందుకు నా పేరున కొన్నారో నువ్వు నాకు చెప్పినట్టే రాశాను, ఒక్క ముక్క పెంచలేదు, తగ్గించలేదు. డాక్టరుగారి పేరు కూడా ఉంది. రక్తపరీక్షలకీ, మందు లేకుండా వాళ్ళ కళ్ళెదుట ఎన్నిసార్లు పరిగెత్తమంటే అన్నిసార్లు పరిగెత్తడానికీ ఒప్పుకుంటూ సంతకం పెట్టాను. మేజరు డాక్టరమ్మ చదివింది. కళ్ళజోడు తీయలేదు. "వీళ్ళు ఒప్పుకుంటారా?" అని అడిగింది. "ఒప్పుకోరు" అన్నాను. "విచారణకి మనిషిని పంపుతాం" అంది. పంపమన్నాను.

నువ్వు రాయకన్నావు. నాయనమ్మ వద్దంది. రెండూ చదివాకే రాశాను, ఈసారి పూర్తిగా చదివాను. పై ఏడంటోంది నాయనమ్మ. ఫైలు మీద అబద్ధమని పడితే నాకు పై ఏడు లేదు. ఆవిడ కుర్చీ నిజంగానే పోవచ్చు. అది తెలిసే రాశాను.

వచ్చే మనిషికి అందరూ నిజం చెప్పండి. అతను రాకముందే నాన్నకి నువ్వు చెప్పు. నువ్వు చెప్పకపోతే ఆదివారం నేనే చెబుతాను, స్పీకర్లో పెట్టినా సరే. కాటా జరపాలో అక్కర్లేదో వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి. మందుల షాపుకి ఫోన్ చేసి నా పేరు తీయించేశాను. నాయనమ్మ సంచిలో ఉన్నది అయిపోకముందే ఆవిడ పేరున చీటీ రాయించు. పెట్టె విసిరేస్తే మళ్ళీ తెచ్చివ్వు.

బోర్డు ఒప్పుకుంటే ఈ విడతలో శిక్షణకి వెళ్తాను. ఒప్పుకోకపోతే పై అధికారికి అప్పీలు చేసి, మళ్ళీ పరీక్ష రాస్తాను. లెక్కల ఉద్యోగానికి ఇంకెవరినైనా చూసుకోమని హెడ్మాస్టరుగారికి చెప్పు.

ఉడుత